మొక్కు భారం మొక్కినవారిదే

ఆపద వేళ దేవుడికి మాట ఇవ్వడం ఏ ఒక్క మతానికో పరిమితమైన అలవాటు కాదు. జబ్బు నయమైతే, కడుపు పండితే, యుద్ధానికి వెళ్లిన కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే ఫలానాది సమర్పించుకుంటామని మొక్కుకోవడం గురించి తలనీలాలు, ముడుపులు, నిలువుదోపిడీ ఎరిగిన తెలుగువారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రాచీన ఇశ్రాయేలీయులూ అలాగే మొక్కుకున్నారు. ఆ మొక్కుల కోసం వారు రాసుకున్న చట్టం ఎంతో వివరంగా మనదాకా వచ్చింది. లేవీయకాండం 27వ అధ్యాయం, సంఖ్యాకాండం 6, 30 అధ్యాయాలు, ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం దానికి ఆధారాలు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి యూదు ధర్మవేత్తలు ఈ నియమాల మీద వాదించుకున్నారు. ఆ వాదనలను క్రీస్తుశకం 200 ప్రాంతంలో క్రోడీకరించిన మిష్నాలో సాధారణ మొక్కులకు ఒక గ్రంథం, జుట్టు కత్తిరించకుండా, ద్రాక్షారసం ముట్టకుండా పాటించే నాజీరు వ్రతానికి ఒక గ్రంథం, మనిషి విలువను దేవుడికి చెల్లించే మొక్కులకు మరో గ్రంథం విడివిడిగా ఉన్నాయి.

ఇంత విస్తారమైన చట్టంలో మనలో చాలామందికి గుర్తుండేవి రెండే: నాజీరు సమ్సోను జుట్టు, తండ్రి మొక్కుకు బలైన యెఫ్తా కూతురు. ఒకటి వింత కథగా, మరొకటి ఘోరంగా మనసులో నిలిచిపోతాయి. దాంతో పాత నిబంధన మొక్కులంటే విచక్షణ లేని మూర్ఖపు పట్టుదల అనో, ప్రశ్నించకూడని పవిత్ర ఉదాహరణ అనో రెండు వైపులా తేలిగ్గా తేల్చేస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావని నా వాదన. చట్టాన్ని మొత్తంగా చదివితే దాని ప్రధాన శ్రమ మొక్కులను పెంచడానికి కాక హద్దులో ఉంచడానికేనని తెలుస్తుంది. ఆ హద్దు గీయడానికి అది వాడిన కొలమానం ఒక్కటే. మొక్కినవారి మీద ఎంత భారమైనా పడనివ్వు, మొక్కనివారి మీద మాత్రం పడనివ్వకు. ఈ కొలమానాన్ని ఆ చట్టం అన్ని చోట్లా నిలబెట్టుకోలేదు. తప్పిన చోట తప్పిందనే చెప్పాలి. కానీ తప్పిన చోట్లను గుర్తుపట్టడానికి కూడా మనకు పనికొచ్చేది ఆ కొలమానమే.

ముందుగా గమనించాల్సింది, ఆ చట్టంలో మొక్కు అసలు తప్పనిసరి కాదు. మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. ఆ వెంటనే, మొక్కుకోకపోతే నీ మీద ఏ పాపమూ ఉండదని చెబుతుంది. ప్రసంగి గ్రంథం ఇంకో అడుగు ముందుకేసి, మొక్కి తీర్చకపోవడం కంటే మొక్కుకోకుండా ఉండటమే మేలంటుంది. తొందరపడి ఒక వస్తువును దేవుడికి ప్రకటించేసి ఆ తర్వాత ఆలోచించుకోవడం ఉచ్చులో పడటమేనని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. ఈ మాటల బరువు తెలియాలంటే ఆలయ ఆదాయం సంగతి గుర్తుంచుకోవాలి. మొక్కుల సొమ్ము చిన్నది కాదు. యూదా రాజు యోవాషు ఆలయం మరమ్మతులకు కేటాయించిన నిధుల్లో మనుషుల వెల కట్టి చెల్లించిన మొక్కుల డబ్బు కూడా ఉందని రాజుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది. మొక్కుల వల్ల లాభపడే యాజక వ్యవస్థ ఉన్న సమాజంలోనే, దాని పవిత్ర గ్రంథాలు మొక్కుకోకపోయినా నష్టం లేదని రాసిపెట్టాయి. భయపెట్టి మొక్కించాలన్నదే ఉద్దేశమైతే ఈ వాక్యాలకు అక్కడ చోటు దొరికేది కాదు.

మొక్కిన తర్వాత మాత్రం చట్టం గట్టిగా పట్టుకుంటుంది. ఒక పశువును మొక్కినవాడు దాన్ని ఇంకో పశువుతో మార్చకూడదు. మార్చితే రెండూ దేవుడివే అవుతాయి. ఇంటినో, బలికి పనికిరాని పశువునో సమర్పించి మళ్లీ విడిపించుకోవాలనుకుంటే యాజకుడు కట్టిన ధర మీద ఐదో వంతు అదనంగా చెల్లించాలి. మందలో మంచి పోతు ఉండగా కళంకమున్నదాన్ని తెచ్చి మొక్కు తీర్చేవాణ్ణి మలాకీ ప్రవక్త వంచకుడని శపించాడు. ఈ కఠినత్వమంతా మొక్కినవాడి మీదే. అదే లేవీయకాండం 27లో ఇతరుల హక్కు అడ్డొచ్చే చోట చట్టం వెనక్కి తగ్గుతుంది. తొలిచూలు పశువు ముందే దేవుడిది కాబట్టి దాన్ని కొత్తగా మొక్కుకోవడానికి వీల్లేదు. తాను కొనుక్కున్న పొలాన్ని ఒకడు దేవుడికి ప్రతిష్ఠిస్తే, అమ్మిన భూములు తిరిగిచ్చే సునాద సంవత్సరం రాగానే అది దాన్ని అమ్మిన అసలు స్వాస్థ్యదారుడికి తిరిగి వెళ్తుంది. కొన్నవాడికి ఆ భూమి మీద ఉన్నది కొన్నేళ్ల అనుభవ హక్కే. ఆ కొన్నేళ్ల విలువనే అతను దేవుడికి ఇవ్వగలడు. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన పక్కవాడి పిత్రార్జితం ఆలయానిది అయిపోదు. భూమి తగాదాల్లో దేవుడి పేరు ఎంత తేలిగ్గా వాడుకోవచ్చో తెలిసినవారికి ఈ చిన్న నియమంలో ఎంత న్యాయం ఉందో అర్థమవుతుంది.

మనుషులను మొక్కుకునే విషయంలో ఈ ఆలోచన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక మనిషిని దేవుడికి మొక్కితే ఆ మనిషికి బదులు వెండి చెల్లించేలా లేవీయకాండం పట్టిక ఇచ్చింది. 20 నుంచి 60 ఏళ్ల లోపు పురుషుడికి 50 షెకెళ్లు, స్త్రీకి 30. 5 నుంచి 20 ఏళ్ల లోపు వారికి 20, 10. నెల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 5, 3. అరవై దాటినవారికి 15, 10. ఒక షెకెలు సుమారు 11 గ్రాముల వెండి. ఇది చిన్న మొత్తం కాదు. న్యాయాధిపతుల గ్రంథంలో మీకా అనే వ్యక్తి తన ఇంట్లో పూజలు చేసే లేవీయుడికి తిండి, బట్టలు కాక ఏడాదికి ఇస్తానన్నది 10 షెకెళ్ల వెండే. అందుకే పట్టిక ముగియగానే చట్టం ఒక వెసులుబాటు చేర్చింది. అంత ఇచ్చుకోలేని పేదవాడు యాజకుడి దగ్గరకు వస్తే అతని తాహతును బట్టి వెల కట్టాలి. ఈ ఏర్పాటు పుస్తకంలోనే ఉండిపోలేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, తమను తాము దేవుడికి సమర్పించుకుని ఆ బాధ్యత నుంచి విడుదల కోరేవారు యాజకులకు పురుషుడైతే 50, స్త్రీ అయితే 30 షెకెళ్లు చెల్లిస్తారని, అంత లేనివారి విషయం యాజకులు తేలుస్తారని రాశాడు.

మనిషికి వెల కట్టడం మనిషిని సరుకు చేయడమే కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ పట్టిక చేసిన పని వేరు. మనిషిని మనిషిగానే ఉంచి, మొక్కును వెండిగా మార్చింది. నన్ను నేను దేవుడికి ఇచ్చుకుంటున్నానన్నవాడు గుడి బానిస కానక్కర్లేదు, బలిపీఠం ఎక్కనక్కర్లేదు. వెల చెల్లించి ఇంటికి వెళ్లి తన పొలం తాను దున్నుకోవచ్చు. పైగా ఆ వెల మనిషి అందాన్ని, బలాన్ని, హోదాను బట్టి మారదు. ఇశ్రాయేలులో అందరికంటే అందగాడికైనా, అందరికంటే వికారంగా ఉన్నవాడికైనా అదే 50 అని మిష్నా తేల్చి చెప్పింది. స్త్రీ పురుషుల మధ్య తేడా ఉందన్నది నిజం. అది ఆనాటి శ్రమకు ఉన్న ధరను అనుసరించిందని చాలామంది పండితుల అభిప్రాయం. దేవుడి ముందు విలువలో ఆ తేడా ఉండటం మనకు ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. అయినా బాకీ వసూలులో ధర్మవేత్తలు చూపిన జాగ్రత్త గమనించదగ్గది. మొక్కు సొమ్ము కట్టనివాడి సామాను జప్తు చేయవచ్చు కానీ అతనికి నెల రోజుల తిండి, ఏడాదికి సరిపడా బట్టలు, పడుకునే పరుపు, చెప్పులు వదిలేయాలి. చేతివృత్తివాడైతే ఒక్కో రకం పనిముట్లలో రెండేసి వదలాలి. రైతు కాడెద్దులను, గాడిదల కాపరి గాడిదను ముట్టుకోకూడదని వారిలో ఒకరైన రబ్బీ ఎలియెజెరు అన్నాడు. దేవుడి బాకీ కోసం మనిషి బతుకుతెరువు లాక్కోకూడదని దీని సారాంశం.

ఇక నాజీరు వ్రతం. సంఖ్యాకాండం 6వ అధ్యాయం ప్రకారం పురుషుడైనా స్త్రీ అయినా దీన్ని చేపట్టవచ్చు. ద్రాక్షారసమే కాదు, ద్రాక్షపండు, ఎండుద్రాక్ష, చివరికి ద్రాక్ష గింజ కూడా ముట్టకూడదు. తల మీద కత్తి పడనివ్వకూడదు. తల్లిదండ్రులు చనిపోయినా శవం దగ్గరకు వెళ్లకూడదు. పక్కనున్నవారు హఠాత్తుగా చనిపోయినా వ్రతం భగ్నమైనట్టే. ఏడో రోజున తల గొరిగించుకుని, ఎనిమిదో రోజున రెండు గువ్వలనో పావురాలనో తెచ్చి, అపరాధ పరిహారంగా గొర్రెపిల్లను అర్పించి, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా గడిచిన రోజులు లెక్కకు రావు. వ్రతం ముగింపులో ఏడాది పోతు గొర్రెపిల్ల, ఏడాది ఆడ గొర్రెపిల్ల, పొట్టేలు, గంపెడు పులియని రొట్టెలు అర్పించి, గొరిగిన జుట్టును సమాధానబలి కింద మండే నిప్పుల్లో వేయాలి. ఈ నియమాలు రాజవంశాలకూ తప్పలేదు. కొడుకు యుద్ధం నుంచి క్షేమంగా వస్తే ఏడేళ్లు నాజీరుగా ఉంటానని మొక్కిన అదియాబెనె రాణి హెలెనా, గడువు ముగించుకుని ఇశ్రాయేలు దేశానికి వస్తే, ధర్మవేత్తల్లో హిల్లేలు శాఖవారు అక్కడ మళ్లీ ఏడేళ్లు పాటించాలన్నారని మిష్నా చెబుతుంది. ఆ గడువు చివర్లో అశుచి తగిలి ఆమె వ్రతం మొత్తం 21 ఏళ్లు సాగిందని ఒక కథనం, 14 ఏళ్లేనని రబ్బీ యూదా మాట. క్రీస్తుశకం 66లో రాజకుమారి బెర్నికే కూడా ఇలాంటి మొక్కు తీర్చడానికే యెరూషలేములో ఉందని, ఆ వ్రతంలోనే రోమన్ అధికారి ఫ్లోరస్ ముందు వట్టి కాళ్లతో నిలబడి తన ప్రజల కోసం వేడుకుందని జోసీఫస్ రాశాడు.

ఇంత కఠినమైన వ్రతం కూడా ఒక చోట తలవంచుతుంది. సొంత తండ్రి శవాన్ని ముట్టకూడని నాజీరుకు దారిలో దిక్కులేని శవం కనిపిస్తే, పాతిపెట్టడానికి ఇంకెవరూ లేకపోతే, అతను తన శుచిని పక్కనపెట్టి ఆ శవానికి సంస్కారం చేయాలి. ఒక ప్రధాన యాజకుడు, ఒక నాజీరు కలిసి వెళ్తుండగా అలాంటి శవం ఎదురైతే ఇద్దరిలో ఎవరు ముట్టుకోవాలన్న దాని మీదే మిష్నాలో వాదన సాగింది. ముట్టుకోకుండా వెళ్లిపోవచ్చని మాత్రం ఎవరూ అనలేదు. తండ్రికి అంత్యక్రియలు చేయడానికి అన్నదమ్ములో బంధువులో ఉంటారు. దిక్కులేనివాడికి ఆ దారిన వచ్చినవాడే దిక్కు. మొక్కు వల్ల మూడో మనిషి నష్టపోయే ఘడియ వచ్చినప్పుడు మొక్కే పక్కకు తప్పుకోవాలన్న సూత్రం ఇక్కడ ఎంత గట్టిగా పనిచేసిందో చూడండి. కొందరు ధర్మవేత్తలు అక్కడితో ఆగలేదు. వ్రతం చివర నాజీరు పాపపరిహారబలి ఎందుకు అర్పించాలన్న ప్రశ్నకు, దేవుడు అనుమతించిన ద్రాక్షారసాన్ని తనకు తాను నిషేధించుకున్నందుకేనని రబ్బీ ఎలాజారు హక్కప్పారు జవాబు చెప్పాడు. నాజీరు పరిశుద్ధుడే అన్న పండితులూ ఉన్నారు. ఆ వాదన తెగలేదు. కానీ త్యాగం ఎక్కువైనంత మాత్రాన భక్తి ఎక్కువైనట్టు కాదన్న అనుమానం సంప్రదాయం లోపలే పుట్టిందన్నది ముఖ్యం.

ఈ సూత్రానికి అసలైన పరీక్ష కొర్బాను, అంటే దేవుడికి అర్పణ అనే ప్రకటన రూపంలో వచ్చింది. ఒక వస్తువును నీ విషయంలో కొర్బాను అని ప్రకటిస్తే, అవతలి మనిషి ఆ వస్తువును అనుభవించడానికి వీల్లేదు. యెరూషలేము దగ్గర జెబెల్ హల్లెత్ ఎత్తూరి వద్ద దొరికిన ఒక ఎముకల పేటిక మీద, ఇందులో ఎవరికైనా లాభంగా దొరికేది ఏదున్నా అది దేవుడికి కొర్బాను అన్న అర్థంలో చెక్కిన మాటలున్నాయి. దొంగల చేతుల నుంచి సమాధిని కాపాడుకోవడానికి వాడిన ఈ మాటనే కొందరు కన్నవారి మీద వాడారు. తల్లిదండ్రులకు అందాల్సిన సాయాన్ని కొర్బానుగా ప్రకటించి చేతులు దులుపుకునేవారిని, దాన్ని సమర్థించేవారిని యేసు తీవ్రంగా మందలించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఇక్కడ మొక్కు భారం మొక్కినవాడి మీద పడలేదు, ముసలి తల్లిదండ్రుల మీద పడింది. అయితే ఈ బాధ యూదు ధర్మవేత్తలకు పట్టలేదనుకోవడం పొరపాటు. బేత్‌హోరోనులో ఒకడి తండ్రి, కొడుకు సొత్తు ముట్టకూడదన్న మొక్కు కింద ఉన్నాడు. మనవడి పెళ్లి విందుకు ఆ తండ్రి రాగలిగేలా కొడుకు తన వాకిలిని, విందును స్నేహితుడికి దానం చేసినట్టు నటించాడు. ఆ ఎత్తు పారలేదని మిష్నా చెబుతుంది. అదే మిష్నాలో మరో చోట, మొక్కు కొడుక్కీ తల్లిదండ్రులకూ మధ్య వ్యవహారమైతే, తల్లిదండ్రుల గౌరవాన్నే కారణంగా చూపి దాన్ని విప్పవచ్చని పండితులు ఒప్పుకున్నారు. దొడ్డిదారి మూసి, రాజమార్గం తెరిచారన్నమాట.

నా వాదనకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం యెఫ్తా. అమ్మోనీయుల మీద గెలిచి తిరిగొస్తే తన ఇంటి గడపలో నుంచి ఎదురొచ్చేదాన్ని దహనబలిగా అర్పిస్తానని మొక్కాడు. తంబురలతో, నాట్యంతో ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం ఈ ఘోరాన్ని చెబుతుంది తప్ప నోరు విప్పి ఖండించదు. లేవీయకాండం 27లోనే సంపూర్ణ ప్రతిష్ఠ కిందకు వచ్చిన మనిషిని విడిపించకూడదని, చంపాల్సిందేనని ఒక వాక్యం కూడా ఉంది. అది యుద్ధానికో మరణశిక్షకో సంబంధించినదని వ్యాఖ్యాతలు వివరించారు. ఎంత వివరించినా ఆ వాక్యం చదవడం కష్టమే. దాన్ని దాచిపెట్టి ఆ చట్టాన్ని పొగడటం నిజాయితీ కాదు. కానీ ఆ సంప్రదాయం ఈ కథతో రాజీ పడలేదు. ద్వితీయోపదేశకాండం కొడుకులను, కూతుళ్లను అగ్నికి అర్పించడాన్ని హేయమని నిషేధించింది. యెఫ్తా మొక్కు తీరాలంటే వెల చెల్లిస్తే సరిపోయేదని ఒక రబ్బీ, అది కూడా అక్కర్లేదని మరో రబ్బీ వాదించారు. ఆ మొక్కును విప్పగల యాజకుడు ఫీనెహాసు యెఫ్తాయే తన దగ్గరకు రావాలని, సైన్యాధిపతినైన నేను వెళ్లడమేమిటని యెఫ్తా భీష్మించుకోవడంతో ఇద్దరి అహంకారం మధ్య ఆ పిల్ల బలైపోయిందని ఆదికాండపు ప్రాచీన వ్యాఖ్యానం తప్పు పట్టింది. అన్నిటికంటే సూటిగా మిష్నా తీర్పు చెప్పింది. ఎవరైనా తన కొడుకును గానీ కూతురిని గానీ ప్రతిష్ఠిస్తే అది చెల్లదు, ఎందుకంటే తనది కానిదాన్ని ఎవరూ ప్రతిష్ఠించలేరు. బిడ్డ తండ్రి సొత్తు కాదన్న మాట యెఫ్తాకు ఎవరూ చెప్పలేదు. ఆలస్యంగానైనా ఆ జాతి దాన్ని చట్టంగా రాసుకుంది.

రెండో అభ్యంతరం స్త్రీల గురించి. సంఖ్యాకాండం 30వ అధ్యాయం ప్రకారం పుట్టింట ఉన్న చిన్నదాని మొక్కును తండ్రి, భార్య మొక్కును భర్త రద్దు చేయవచ్చు. మగవాడి మొక్కును రద్దు చేసే అధికారం మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు. ఇది అసమానతే. ఆ కాలం అలాంటిదని చెప్పి దాటవేయడం నాకు సమ్మతం కాదు. చట్టం తన కొలమానాన్ని ఇక్కడ ఒంటికన్నుతో పాటించింది. భార్య మొక్కు వల్ల ఇంటి మీద పడే భారాన్ని చూసింది గానీ, భర్త మొక్కు వల్ల భార్యాబిడ్డల మీద పడే భారాన్ని చూడలేదు. మిష్నా జప్తు నియమంలోనూ బాకీదారుకు వదిలిపెట్టే తిండీ బట్టా అతనికే గానీ భార్యాపిల్లలకు కాదని ఉంది. ఈ లోపాన్ని ఒప్పుకున్నాక మిగతాది కూడా చెప్పాలి. భర్త విన్న రోజే కాదనాలి. ఆ రోజు ఊరుకుంటే మొక్కు ఖాయమవుతుంది. తర్వాత అడ్డుపడితే ఆమె దోషాన్ని అతనే మోయాలి. వితంతువు, విడాకులు పొందిన స్త్రీ తమ మాటకు తామే యజమానులు. భర్త రద్దు చేయగలిగింది ఆమె తనను తాను కష్టపెట్టుకునే మొక్కులను, వారిద్దరి మధ్య సంసారానికి సంబంధించినవాటినే అని ధర్మవేత్తలు ఆ అధికారాన్ని కుదించారు. దిశ సరైనదే, కానీ ప్రయాణం సగంలోనే ఆగింది.

మూడో అభ్యంతరం దీనికి పూర్తి విరుద్ధంగా వస్తుంది. విప్పుకునే వీలుంటే అది మొక్కు ఎలా అవుతుందని నిష్ఠాపరులు అడుగుతారు. ప్రాయశ్చిత్త దినానికి ముందు సాయంత్రం యూదులు చెప్పే, మొక్కులను రద్దు చేసే కోల్ నిద్రె ప్రకటనను సాకుగా చూపి, యూదుల మాట నమ్మరానిదని మధ్యయుగ ఐరోపాలో నిందలు వేశారు. ఆ ప్రకటన మనిషి దేవుడికి ఇచ్చుకున్న మాటల గురించే గానీ, సాటి మనిషికి ఇచ్చిన మాటను అది తాకదని యూదు పండితులు ఎప్పటి నుంచో స్పష్టం చేస్తూనే ఉన్నారు. మొక్కును విప్పే అధికారానికి ధర్మశాస్త్రంలో ఆధారం దాదాపు లేదని, అది గాలిలో తేలుతున్నట్టుందని మిష్నా తానే ఒప్పుకుంది. అందుకే దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడనివ్వలేదు. ఒక నిపుణుడి ముందో ముగ్గురి ముందో నిలబడి, మొక్కినప్పుడు ఏది తెలియక మొక్కానో చెప్పి పశ్చాత్తాపపడాలి. క్రీస్తుశకం 70లో ఆలయం కూలిపోయాక దూరదేశాల నుంచి బలులు అర్పించడానికి వచ్చిన నాజీరులు దిక్కుతోచక నిలబడ్డారు. ఆలయం కూలుతుందని తెలిస్తే మొక్కేవారేనా అని అడిగి, కాదంటే మాదీయుడైన నాహూము వారిని విడిచిపెట్టాడు. పండితులు ఆ తీర్పును ఒప్పుకోలేదు. కూలకముందు మొక్కినవారి వ్రతం నిలుస్తుందని, కూలిన తర్వాత మొక్కినవారికే విడుదల అని తేల్చారు. తర్వాత జరిగిన విపత్తు ముందటి మాటను చెరపలేదన్నది వారి నిర్ణయం. ఇంత పట్టుదల ఉన్నచోట విడుదల అంటే మాట తప్పడం అనలేం.

మిగిలింది పిల్లల ప్రశ్న. మనకు ఎక్కువ దగ్గరైనదీ ఇదే. హన్నా తనకు కొడుకు పుడితే జీవితాంతం దేవుడికే ఇస్తానని మొక్కింది, పాలు మాన్పించాక సమూయేలును షిలోహు మందిరంలో వదిలింది. భర్త ఎల్కానా నీకు మంచిదనిపించింది చేయమన్నాడు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎందరో బిడ్డలకు సమూయేలు అని పేరు పెట్టుకునేంతగా ఈ కథ మన వాళ్లకు ప్రియమైనది. ఆ తల్లి కన్నీళ్లను గౌరవిస్తూనే అడగాలి, ఆ పసివాణ్ణి ఎవరైనా అడిగారా? ధర్మవేత్తలకు ఈ ప్రశ్న తట్టింది. తండ్రి తన చిన్న కొడుకు మీద నాజీరు వ్రతం పెట్టగలడు, కానీ ఆ కొడుకు గానీ బంధువులు గానీ కాదంటే అది రద్దవుతుందని మిష్నా రాసింది. బిడ్డ నోటికి, బిడ్డ తరఫున మాట్లాడే బంధువు నోటికి కూడా చట్టం విలువ ఇచ్చింది. మన నేల మీద ఆడపిల్లలను దేవత పేరుతో జోగినులుగా, మాతమ్మలుగా సమర్పించిన చరిత్ర ఉంది. ఆ మొక్కు మొక్కింది పెద్దలు, బతుకంతా మోసింది పిల్లలు. మద్రాసు ప్రావిన్సులో 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చేసిన దేవదాసీ సమర్పణ నిషేధ చట్టాలు మతంలో జోక్యమని వాదించినవారు యెఫ్తా సందర్భంలో చెప్పుకున్న మిష్నా వాక్యాన్ని చదవాలి. తనది కానిదాన్ని ఎవరూ దేవుడికి ఇవ్వలేరన్నది నాస్తికులు కనిపెట్టిన మాట కాదు. దేవుడి పట్ల భయభక్తులతో రాత్రింబవళ్లు ధర్మశాస్త్రం చదివినవారు చేరుకున్న తీర్పు.

కాబట్టి మొక్కులను వెక్కిరించమని నేను అనను. కష్టంలో చేసిన వాగ్దానానికి కట్టుబడటం మనిషి గొప్ప గుణాల్లో ఒకటి. సొంత కడుపు మాడ్చుకుని, సొంత జుట్టు ఇచ్చి, సొంత కష్టార్జితం హుండీలోనో కానుకల పెట్టెలోనో వేసి మాట నిలబెట్టుకునేవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యర్థన మొక్కుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న గురించే. ఈ మొక్కు తీరడానికి ఎవరు ఆకలితో ఉండాలి, ఎవరి చదువు ఆగాలి, ఎవరి పొలం తాకట్టు పడాలి, ఎవరి జీవితం దారి మళ్లాలి? జవాబు నేను అయితే మొక్కుకోండి, ఆలస్యం చేయకుండా తీర్చండి. జవాబు నా బిడ్డ, నా భార్య, నా ముసలి తండ్రి అయితే ఆ మాట నోటి దాకా రానివ్వకండి. ఇప్పటికే వచ్చేసి ఉంటే దాన్ని విప్పుకునే దారి వెతకండి. గుడిలోనో చర్చిలోనో మసీదులోనో మత పెద్దలుగా ఉన్నవారు ఆ దారి చూపడం తమ బాధ్యతగా తీసుకోవాలి, ఫీనెహాసులా ఎదురుచూస్తూ కూర్చోకూడదు. మొక్కుకోకపోవడం పాపం కాదని వేల ఏళ్ల సంప్రదాయమే చెబుతోంది. ఇంకొకరి బతుకును మొక్కుకోవడం మాత్రం ఏ కాలంలోనైనా, ఏ దేవుడి పేరనైనా తప్పే.